గోష్ఠిగానం నేర్పిన పాఠం: తిరువయ్యారు ఆరాధన చరిత్ర



మనమంతా ముప్ఫై, ముప్ఫై అయిదేళ్లు సర్కారు కొలువు చేసిన వాళ్లం. ఒకే ఆఫీసులో రెండు సంఘాలు, ఒకే సంఘంలో రెండు వర్గాలు, ఒకే మహాసభకు రెండు ఆహ్వాన పత్రికలు మనకు కొత్త కాదు. చీలికకు కారణం వెతికితే చాలాసార్లు పెద్ద సిద్ధాంతమేమీ కనపడదు. వేదిక మీద ఎవరు కూర్చోవాలి, చందా పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి, ముందుగా ఎవరు మాట్లాడాలి, ఇంతే. తర్వాత ఎవరికి వారే యమునా తీరే.

ఇటువంటి చీలిక సంగీత లోకంలోనూ వచ్చింది. అదీ ఎక్కడో కాదు, సాక్షాత్తు త్యాగరాజస్వామి సమాధి దగ్గరే. సుమారు మూడు దశాబ్దాలు నడిచిన ఆ తగవు చివరికి అందరూ కలిసి కూర్చుని అయిదు కీర్తనలు పాడడంతో సమసిపోయింది. ఈనాడు తెలుగునాట ఊరూరా పుష్య బహుళ పంచమి నాడు వినిపించే పంచరత్న గోష్ఠిగానం వెనుక ఇంత కథ ఉన్నదని మనలో కొద్దిమందికే తెలుసు. ప్రత్యేక సంచిక సందర్భంగా ఆ చరిత్రను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

త్యాగయ్య ఇల్లే తొలి పాఠశాల

త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో జన్మించారు. కాకర్ల వారి వంశం. పూర్వీకులు తెలుగు దేశం నుండి తంజావూరు సీమకు తరలి వెళ్లినవారు. జీవితమంతా కావేరి ఒడ్డున తిరువయ్యారులో గడిపి, రాజాశ్రయాన్ని కాదని, ఉంఛవృత్తితో సంసారం నడుపుకుంటూ తెలుగులో కీర్తనలు చెప్పుకున్నారు.

ఆయన కృతులను మనం కచేరీలలో ఒక్కరు పాడగా వినడానికి అలవాటు పడ్డాము గాని, ఆయన పదిమందీ కలిసి పాడుకోవడానికని ప్రత్యేకంగా రచించినవి చాలా ఉన్నాయి. దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు ఆ కోవకు చెందినవి. వాటి నడక తేలిక. పల్లవి ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకోవచ్చును. చరణాలన్నిటికీ సాధారణంగా ఒకే వరుస. చదువు రానివారు కూడా నాలుగు రోజులు విని ఐదో రోజున పాడగలరు. మన పల్లెల్లో రామమందిరాల దగ్గర శనివారం రాత్రి భజన విని పెరిగిన వారికి ఈ పద్ధతి విడమరచి చెప్పనక్కర లేదు. ముందు పాడేవారొకరు, వంత పాడేవారు పదిమంది, తాళాలు వేసేవారిద్దరు. ఎవరి పని వారికి తెలుసు. ఎవరూ ఎవరికీ ఉత్తర్వులు ఇవ్వరు.

స్వామివారు 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందారు. అంతకు ముందే సన్యాసం స్వీకరించారు గనుక కావేరి ఒడ్డున సమాధి చేశారు. ఉమయాళ్‌పురం, తిల్లస్థానం, వాలాజాపేట శిష్యులు తమ తమ ఊళ్లకు వెళ్లి, ఎవరింట్లో వారు ఆ తిథినాడు గురువుగారికి ఆరాధన చేసుకునేవారు. ఇక్కడొక సంగతి గమనించాలి. ఒక్కొక్క శిష్యపరంపర పాటను ఒక్కొక్క రకంగా పాడుతూ వచ్చింది. దీనినే పాఠాంతరం అంటారు. ఒకే కీర్తనకు మూడు నాలుగు పాఠాలు ఏర్పడ్డాయి. ఎవరి పాఠం వారికి గురువు ఇచ్చిన ప్రసాదం. మార్చుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు?

రెండు కక్షలు

20వ శతాబ్దం ఆరంభమయ్యేసరికి సమాధి చుట్టూ తుప్పలు పెరిగి శిథిలావస్థకు వచ్చింది. 1903 ప్రాంతంలో స్వామివారి శిష్యులు, అప్పటికే వృద్ధులైన ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ దానిని వెదకి చూసి కొంత బాగు చేయించారు. వయస్సు మీరిన వాళ్లు ఏం చేయగలరని వారు అనుకోలేదు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకు తిల్లస్థానం సోదరులు నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ పూనుకుని సమాధి వద్దనే పెద్ద ఎత్తున ఆరాధన మొదలుపెట్టారు. అన్నదానం, వేదపారాయణ, సంగీతం అన్నీ జరిగాయి. విద్వాంసులు చందాలు పోగు చేశారు.

ఇల్లు అలకగానే పండుగ కాదు గదా! తొందరలోనే అన్నదమ్ములిద్దరికీ చెడింది. విద్వాంసులు కొందరు అటు, కొందరు ఇటు చేరారు. 'పెరియ కట్చి', 'చిన్న కట్చి' అని అరవంలో వాటికి పేర్లు కూడా పడ్డాయి. మన భాషలో పెద్ద కక్ష, చిన్న కక్ష. ఒకే మహానుభావునికి, ఒకే ఊళ్లో, రెండు పందిళ్లు, రెండు జమాఖర్చులు! చివరకు రోజులు పంచుకుని ఒకరి తర్వాత ఒకరు ఉత్సవం జరుపుకునే ఏర్పాటు చేసుకున్నారు. మనం ఆఫీసుల్లో 'వర్క్ డిస్ట్రిబ్యూషన్' అనేవాళ్లమే, అటువంటిదన్నమాట. తగవు తీరలేదు, తగవుకు టైంటేబిల్ వచ్చింది.

అన్నింటా విభేదించిన ఈ రెండు పక్షాలూ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయానికి వచ్చాయి. స్త్రీలు సమాధి ముందు పాడరాదు అన్నదే ఆ ఏకాభిప్రాయం.

నాగరత్నమ్మగారి పూనిక

ఆ సమయంలో రంగం మీదికి వచ్చిన మహిళ విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టారు. కన్నడ, తెలుగు, సంస్కృత భాషలు నేర్చారు. మద్రాసులో స్థిరపడి గాయనిగా పేరూ ధనమూ గడించారు. తెలుగువారు ఆమెకు మరొక విధంగా కూడా ఋణపడి ఉన్నారు. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రకటించినవారు ఆమే. ఆనాటి ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రధానిత్వ కాలంలో, 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. ఒక పని న్యాయమని తోస్తే వెనుకంజ వేసే స్వభావం కాదు ఆమెది.

సమాధి దుస్థితి గురించి ఆమె గురువు, మైసూరు విద్వాంసులు బిడారం కృష్ణప్పగారి ద్వారా ఆమెకు తెలిసింది. 1921 నాటి మాట. అప్పటికామెకు నలభై మూడేళ్లు. ఉత్సవం ఎవరిది, పందిరి ఎవరిది అని రెండు కక్షల వారు వాదించుకుంటుంటే, అసలు సమాధికి గుడి ఉన్నదా అని అడిగినది ఆమె ఒక్కతే. ఆ స్థలం విషయం తేల్చుకుని, తన సొంత సంపాదన, నగలు ఖర్చు పెట్టి, స్వామివారి విగ్రహం చెక్కించి ఆలయం కట్టించారు. 1926 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది.

ఇంత చేసిన తరువాత, తాను కట్టించిన గుడి ముందు హరికథ చెప్పుకుంటాను, పాడుకుంటాను అంటే రెండు పక్షాల వారూ కాదన్నారు! ఇంకొకరైతే కోర్టుకు ఎక్కేవారు, లేదా కన్నీళ్లతో మద్రాసు రైలు ఎక్కేవారు. ఆమె 1927లో స్త్రీలను కూడగట్టుకుని, అదే గుడి వెనుక భాగాన తమ ఆరాధన తాము మొదలుపెట్టారు. ముందు వైపు పురుషులు, వెనుక వైపు స్త్రీలు. దానికి 'పెంగళ్ కట్చి', అంటే ఆడవారి కక్ష అని పేరు. ఈ విధంగా రెండు కాస్తా మూడయ్యాయి.

పైకి చూస్తే ఇది మరొక చీలిక. లోతుగా చూస్తే అదే కలయికకు తొలిమెట్టు. అంతవరకూ బయట నిలబడిన వారికి గొంతు లేదు. వారు తమ పాట తాము పాడుకోవడం మొదలుపెట్టాక వారిని లెక్కలోకి తీసుకోకుండా ఏ రాజీ కుదరని పరిస్థితి వచ్చింది. వినతిపత్రాల మీద వినతిపత్రాలు ఇచ్చి విసిగిపోయిన మనవంటి వారు గుర్తుంచుకోవలసిన విషయమిది. అర్జీ పెట్టుకోవడం ఒక పద్ధతి. అడిగిన పనిని మనకు చేతనైనంత మేర మనమే ప్రారంభించి చూపించడం మరో పద్ధతి. ఆమె రెండోది ఎంచుకున్నారు.

అయిదు కీర్తనల రాజీ

పదమూడేళ్లు గడిచాయి. 1940లో ఎస్.వై. కృష్ణస్వామి అనే ఐ.సి.ఎస్. అధికారి మధ్యవర్తిగా నిలిచి మూడు పక్షాలనూ ఒక చోటికి తెచ్చారు. సంగీతం తెలిసిన అధికారి కాబట్టి ఎవరి పట్టు ఎక్కడున్నదో ఆయన గ్రహించగలిగారు. హరికేశనల్లూరు ముత్తయ్య భాగవతార్, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై వంటి పెద్ద విద్వాంసులు ఈ ఏర్పాట్లలో పాలుపంచుకున్నారు. 1941 నుండి ఆరాధన ఒక్కటిగా, స్త్రీలకు కూడా పాల్గొనే అవకాశంతో జరుగుతూ వచ్చింది.

కానీ కాగితం మీద ఐక్యత వేరు, పందిట్లో ఐక్యత వేరు. ఆరాధన నాడు సమాధి ముందు తొలిపాట ఎవరిది? వచ్చిన ప్రతి విద్వాంసుడికీ స్వామి సన్నిధిలో పాడాలనే కోరిక. ఎవరికి ముందు ఇచ్చినా మిగిలిన వారికి కోపం. దీనికి దొరికిన జవాబే గోష్ఠిగానం. ఎవరూ విడిగా పాడనక్కర లేదు. అందరూ కలిసి, ఒకే సమయంలో, అవే కీర్తనలు పాడాలి. అందుకు ఎంపిక చేసినవి ఘనరాగ పంచరత్నాలు.

నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే అయిదు ఘనరాగాలలో ఉన్న ఈ అయిదూ ఆదితాళంలోనే ఉంటాయి. మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. చరణాలన్నీ ముందు స్వరంగాను, తరువాత సాహిత్యంగాను పాడాలి. ఒకచోట స్వరం తప్పితే సాహిత్యమూ తప్పుతుంది. పాడుకుంటూ నేర్చుకుందామంటే కుదరదు, నేర్చుకునే రావాలి. మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడడానికి, ఇందులో చోటు లేదు. ఎంత గొప్ప విద్వాంసుడైనా ఈ గంటసేపు గుంపులో ఒకడే. నిన్నగాక మొన్న పాఠం మొదలుపెట్టిన పిల్లవాడు పక్కనే కూర్చుని అదే స్వరం అంటాడు. పేరు గల వారి పేరు ఆ గంటసేపు పక్కకు పోతుంది. ఇంతకంటే తెలివైన రాజీ సూత్రం మన లేబర్ కమిషనర్లకు కూడా తట్టదేమో!

నాటినుండి ఆరాధన నాడు ఉదయం స్వామివారి ఇంటి నుండి ఉంఛవృత్తి భజన సమాధికి చేరడం, వేణువు మీద భైరవి రాగ కీర్తన వినిపించడం, పిమ్మట పంచరత్నాలు పాడడం ఆనవాయితీ అయింది. శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభ ఉత్సవాన్ని నిర్వహిస్తున్నది. ముందు వరుసల కోసం, కెమేరాల కోసం తోపులాట ఉంటుందనే విమర్శ కూడా ఉన్నది. మనుషులు ఉన్నచోట అది తప్పదు. అయినా ఆ గంటసేపు రెండో పాట ఎవరూ పాడరు.

నాగరత్నమ్మగారు చివరి సంవత్సరాలు తిరువయ్యారులోనే గడిపారు. 1949లో వీలునామా వ్రాసి తన ఆస్తిని స్వామివారి సన్నిధికి ధర్మకర్తల పరం చేస్తూ, స్త్రీలకు అక్కడ పాడుకునే హక్కు ఉండాలని షరతు పెట్టారు. నోటిమాటను నమ్ముకోకుండా కాగితం మీద పెట్టిన ఆ ముందుచూపును ఫైళ్ల మధ్య బ్రతికిన మనం మెచ్చుకోకుండా ఉండలేము. 1952 మే నెలలో ఆమె స్వర్గస్థులయ్యారు. స్వామివారి సమాధికి ఎదురుగా, చేతులు జోడించి కూర్చున్న ఆమె విగ్రహం ఇప్పటికీ ఉన్నది.

తెలుగునాట గోష్ఠి

త్యాగయ్యగారి శిష్యులు మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారు, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, వారి శిష్యులు గాయక సార్వభౌమ పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, వారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. ఈ పరంపర ద్వారా కృష్ణా తీరానికి ఆ పాట చేరింది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమయ్యాక, 'భక్తిరంజని' ఇంటింటికీ బృందగానాన్ని తెచ్చింది. తెల్లవారుజామున రేడియోతో గొంతు కలిపి పాడిన గృహిణులు ఎందరో ఉన్నారు. వారికి సంగీత పాఠశాల ఆ రేడియో పెట్టె.

తరువాతి కాలంలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి అన్నమాచార్య ప్రాజెక్టు ద్వారా ఏడు అన్నమయ్య సంకీర్తనలను 'సప్తగిరి సంకీర్తనలు'గా ఎంచి, పంచరత్నాల బాటలోనే గోష్ఠిగా పాడే సంప్రదాయం ఏర్పడింది. నేదునూరి కృష్ణమూర్తిగారి కృషి ఇందులో ముఖ్యమైనది. 2009 మే 10వ తేదీన సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్సులో లక్షమందికి పైగా కూర్చుని ఆ కీర్తనలు ఒక్క గొంతుతో పాడారంటే, దానికి పూనుకున్నవారు అమెరికాలోని తెలుగువారంటే, తిరువయ్యారులో వేసిన విత్తనం ఎంత దూరం వెళ్లిందో ఊహించుకోవచ్చు.

గోష్ఠి మనకు చెప్పేది

నాలుగు సంగతులు మాత్రం మనవి చేస్తాను.

మొదటిది శ్రుతి. పాట ప్రారంభం కాకముందే శ్రుతి కుదరాలి. ఏ సమావేశానికైనా ఇంతే. ఎజెండా ముందే ఒప్పుకోకుండా కూర్చుంటే ప్రతివారూ తమ శ్రుతిలో తాము మాట్లాడతారు.

రెండోది వినికిడి. గోష్ఠిలో నోటికంటే చెవికి పని ఎక్కువ. పక్కవారి గొంతు మనకు వినబడడం లేదంటే మన గొంతు మితిమీరినట్లు లెక్క. పెద్ద గొంతు ఉన్నవారు తగ్గాలి, చిన్న గొంతు వారు ధైర్యం చేయాలి. అప్పుడే పాట సమంగా ఉంటుంది.

మూడోది ఎత్తుగడ. ఎవరో ఒకరు ముందు అందుకోవాలి. అందరూ మర్యాదకు పోయి 'మీరు కానివ్వండి' అంటే 'మీరే కానివ్వండి' అంటూ కూర్చుంటే పాట లేదు. అయితే ఎత్తుకున్నవారు మిగిలినవారు అందుకోగానే గుంపులో కలిసిపోవాలి. ఎత్తుకోవడం బాధ్యత, అధికారం కాదు.

నాలుగోది పాఠం. మన పాఠం ఎంత మంచిదైనా, గోష్ఠిలో అందరూ ఒప్పుకున్న పాఠమే పాడాలి. ఇంటికి వెళ్లి మన పాఠం మనం పాడుకోవచ్చు. దానిని ఎవరూ కాదనరు.

ఇవి పుస్తకంలో చదివి వ్రాసినవి కావు. మా ఊరి పెన్షనర్ల భవనంలో కొన్నేళ్లుగా శనివారం సాయంత్రం పాట జరుగుతున్నది. దానిని మొదలుపెట్టినది ఆఫీసు బేరర్లు ఎవరూ కాదు, కుటుంబ పెన్షను తీసుకునే ఒక సోదరి. లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి వచ్చినప్పుడు, "అన్నయ్యగారూ! ఏడాదికొకసారి బ్రతికున్నామని సంతకం పెట్టడానికే ఇక్కడికి రావాలా? వారానికొకసారి బ్రతికున్నట్టు ఉండడానికి రాకూడదా?" అన్నారు. మరుసటి శనివారం తానే శ్రుతిపెట్టె పట్టుకుని వచ్చి కూర్చున్నారు. మొదటి రోజు నలుగురం.

ఆడవారికి సరిపోయే శ్రుతిలో మగవారికి గొంతు అందదు, మగవారి శ్రుతి ఆడవారికి బావిలోకి దిగినట్టుంటుంది. రెండు వారాలు దీని మీదే చర్చ. చివరకు ఆడవారు కొంచెం కిందికి, మగవారు కొంచెం పైకి జరిగి మధ్యలో ఒక శ్రుతికి ఒప్పుకున్నాము. ఎవరికీ పూర్తి సుఖం లేదు, అందరికీ పాట ఉన్నది. గెజిటెడ్ హోదాలో రిటైరైన పెద్దలు, అటెండరుగా రిటైరైన మిత్రులు ఒకే చాప మీద కూర్చుంటారు. తాళం అందరికంటే నిక్కచ్చిగా వేసేది ఆ అటెండరు గారే. చిన్ననాడు చెక్కభజన నేర్చిన చెయ్యి అది. తాళం తప్పితే ఆయన వంక చూడడం అందరికీ అలవాటైపోయింది. సర్వీసులో ఉండగా ఇది సాధ్యమయ్యేదా?

భార్యనో భర్తనో పోగొట్టుకుని, పిల్లలు దూరదేశాలలో ఉండి, రోజంతా మాట్లాడే మనిషి లేనివారు మన సభ్యులలో ఎందరో ఉన్నారు. డి.ఏ. బకాయిలు, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు కోసం మన సంఘం పోరాడవలసిందే. దానితోపాటు వారానికి ఒక గంట నలుగురినీ ఒక చాప మీద కూర్చోబెట్టే పని కూడా సంఘానిదే అని నా మనవి. ఖర్చు లేదు, తీర్మానం అక్కర లేదు, పై అధికారి అనుమతి అక్కర లేదు. సంగీతం రాకపోయినా ఫరవాలేదు. దివ్యనామ కీర్తన ఒకటి చాలును. మీ మీ యూనిట్లలో ఎవరైనా ఒకరు ముందు ఎత్తుకోండి. అందుకునేవారు తప్పక ఉంటారు.